లారీ లెక్క సరే, రోజుల లెక్క?

కొత్త ఇంటికి మారడానికి నేను వేసిన మొదటి బడ్జెట్ ఆరు పంక్తులు. లారీ, కూలీలు, అట్టపెట్టెలు, కరెంటు పని, ఇల్లు శుభ్రం చేయించడం, చిల్లర ఖర్చులు. పది నిమిషాల్లో అయిపోయింది. డబ్బు అంకెలు ఎక్కడికక్కడ మారిపోతాయి కాబట్టి, ఆ రోజు కాగితం మీద తేలిన మొత్తం ఖర్చును 100 అనుకోండి. మిగతావన్నీ ఆ కొలతలోనే చెబుతాను. చివరికి మాకు అయింది 173.

ఆ కాగితం మొదట చూసింది మా తమ్ముడు. లెక్కల పనిలో ఉన్నవాడు, చూడగానే అడిగాడు: "అక్కా, లారీకి 55 అని ఎలా వేశావు?"

"పోయినసారి అయినదానికి కొంచెం కలిపాను."

"పోయినసారి మీరిద్దరే కదా. ఇప్పుడు ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, అందరి బీరువాలు."

నిజమే. నేను హాల్లో కూర్చుని, కళ్లకు కనిపిస్తున్న సామాను చూసి అంచనా వేశాను. ఇంట్లో సామాను కనిపించేది తక్కువ, తలుపుల వెనక ఉండేది ఎక్కువ. మా అటక మీదకు నేను ఎక్కి రెండేళ్లయింది.

ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకున్నాం. మొదటివాళ్లు ఫోన్లోనే చెప్పేశారు: రెండు పడకగదులు కదా, లారీలో 400 క్యూబిక్ ఫీట్ చోటు వేసుకోండి అని. రెండోవాళ్లు వీడియో కాల్‌లో గదులు చూపించమన్నారు, నేను నడుస్తూ తిప్పి చూపించాను. మూడో సంస్థ నుంచి ఒకాయన ఇంటికే వచ్చాడు. టేపు తీసుకుని కొలవడం మొదలుపెట్టి, "మేడమ్, ఈ బీరువా ఒకసారి తెరవండి, అటక మీద ఏమున్నాయి, బాల్కనీలో కుండీలు కూడా వస్తాయా, మంచం విప్పొచ్చా" అని ముప్పావు గంట తిరిగాడు. ఆయన లెక్క 640. నేను సొంతంగా వేసుకున్నది 380.

ఈ క్యూబిక్ ఫీట్ లెక్క కష్టమేం కాదు, ముందే నేర్చుకుని ఉండాల్సింది. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించడమే. రెండున్నర అడుగుల వెడల్పు, అంతే లోతు, ఆరడుగుల ఎత్తు ఉన్న ఫ్రిజ్ 37న్నర. ఏడడుగుల సోఫా, మూడడుగుల లోతు, మూడడుగుల ఎత్తు అనుకుంటే 63. లారీలో సోఫా మీద ఇంకోటి పెట్టడం కష్టం కాబట్టి దాని పైన మిగిలిన చోటు కూడా కొంత వృథా. అదే మంచం విప్పితే పలకలుగా గోడకు ఆనుకుని పోతుంది. ఇంట్లో పెద్దగా కనిపించేది లారీలో కూడా పెద్దదే అవుతుందని లేదు.

ఫోన్లో చెప్పిన కొటేషనే అన్నిటికన్నా తక్కువ. మా ఆయన దానివైపే మొగ్గాడు. నాకూ ఆశ పుట్టింది, దాచుకోను. కానీ కింద చిన్న అక్షరాల్లో "సామాను పెరిగితే ఎక్కించే రోజున రేటు మారుతుంది" అని ఉంది. ఎక్కించే రోజున లారీ వాకిట్లో నిలబడి ఉంటే బేరమాడే స్థితి మనకు ఉండదు. ఇంటికొచ్చి కొలిచినవాళ్లు, రాసిన జాబితాకు మించి సామాను చేరకపోతే రేటు మారదని రాసిచ్చారు. వాళ్లనే మాట్లాడుకున్నాం. ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, లారీ ఆగే చోటు నుంచి గుమ్మానికి ఎంత నడక అని రెండు వైపులా అడిగింది కూడా వాళ్లొక్కరే. మా కొత్త ఇంటి లిఫ్టులో పెద్ద పరుపు పట్టదని అలాగే తెలిసింది. దానికి మెట్ల మీద మోత కూలి వేరే.

తేదీ విషయంలో కొంత కలిసొచ్చింది. నెలాఖరు శనివారం అడిగితే చెప్పిన రేటు, నెల మధ్య బుధవారానికి బాగా దిగింది. చాలామంది అద్దెలు నెల ఒకటో తారీఖుతో ముడిపడి ఉంటాయి, అందుకే నెలాఖరులో బళ్లకు గిరాకీ. ఇద్దరు ఇంటి యజమానులూ నెల మధ్యలో రోజుల లెక్కన అద్దె తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ఈ ఒప్పుకోలే తర్వాత నా కొంప ముంచింది, ఆ సంగతికి వస్తాను.

పెట్టెల లెక్క మాత్రం ఈసారి సరిగ్గా చేశాను. ఎన్ని కావాలో ఊహించడం మానేసి, వంటింట్లో ఒక్క అర నిజంగా ఖాళీ చేసి కట్టాను. గాజువి, పింగాణీవి కాగితం చుట్టి పెడితే రెండు పెట్టెలు, 40 నిమిషాలు. వంటింట్లో అలాంటి అరలు 11. అంటే 22 పెట్టెలు, ఏడు గంటల పైమాట. బట్టల బీరువాకు, పిల్లల సామానుకు కూడా ఇలాగే ఒక్కో అర చూసి గుణించాను. ముందు 25 పెట్టెలు అనుకున్నవి 60 దాటాయి, చివరికి పట్టినవి 64. పుస్తకాలకు పెద్ద పెట్టె కొనకండి. ఒకటిన్నర క్యూబిక్ ఫీట్ చిన్న పెట్టె నిండా పుస్తకాలు పెడితేనే 20 కిలోల దాకా తూగుతుంది. మా ఆయన పెద్దదాంట్లో నింపాడు, ఎత్తబోతే అడుగు ఊడి పుస్తకాలన్నీ అక్కడే కుప్పపడ్డాయి.

అన్నీ మనమే కడితే ఖర్చు తగ్గుతుంది అనుకున్నాను. ఇన్సూరెన్స్ కాగితం చదివాక ఆగాను. దారిలో జరిగే నష్టానికి మనం రాసిచ్చిన విలువ మేరకే బాధ్యత. మనం సొంతంగా కట్టిన పెట్టెలో ఏదైనా పగిలితే బాధ్యత లేదు. కాబట్టి పగిలేవన్నీ వాళ్ల చేతే కట్టించి, బట్టలు, పుస్తకాలు, బొమ్మలు మేం కట్టుకున్నాం. ఎక్కించే ముందు ఫర్నిచర్‌కు, టీవీకి నాలుగు వైపులా ఫొటోలు తీశాను. పాత గీత ఏదో కొత్త గీత ఏదో తర్వాత వాదించుకునే పని లేకుండా.

ఇక తమ్ముడు చెప్పిన ఒక చిట్కా. లారీ, కూలీల కొటేషన్ 88. దాన్ని 640తో భాగిస్తే ఒక్కో క్యూబిక్ ఫీట్ మోయడానికి ఎంతవుతుందో వస్తుంది. ఆ అంకె చేతిలో పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఒక పాత పుస్తకాల అర, అమ్మితే వచ్చేదానికన్నా దాన్ని మోసే ఖర్చే ఎక్కువ. వాడని వ్యాయామ సైకిలు, ఊగిపోయే కంప్యూటర్ బల్ల, రెండు పాత పరుపులు, ఇలా 65 క్యూబిక్ ఫీట్ తగ్గించాను. కొత్త జాబితా పంపితే 88 కాస్తా 79 అయింది. మామయ్యగారు రాసుకున్న చెక్క డెస్కు కూడా ఈ లెక్కలో ఓడిపోయింది. దాన్ని మాత్రం తెచ్చుకున్నాం, అత్తయ్య ముందు భాగహారాలు చెల్లవు.

ఈ కొత్త జాబితా పంపకముందే రెండో బడ్జెట్ వేశాను. లారీ, కూలీలు 88 (అప్పటికి ఇంకా తగ్గలేదు), కట్టే సామగ్రి 14, ఇన్సూరెన్స్ 4, రెండిళ్లు శుభ్రం చేయించడానికి 8, పాత ఇంట్లో మేకుల రంధ్రాలు పూడ్చి రంగు వేయించినందుకు యజమాని పట్టుకోబోయేది 10, కొత్త ఇంట్లో కరెంటు, నల్లా బిగింపులకు 12, వంటిల్లు మూతపడే రోజుల భోజనాలకు 6. మొత్తం 142. పైన పదోవంతు చేయి జారే ఖర్చు కింద 14 కలిపి 156. ఇది చూసి మా ఆయన, "అంటే ఇప్పుడు సేఫ్ కదా?" అన్నాడు. నేను అవునన్నాను.

తమ్ముడు మాత్రం ఇంకో కాగితం వేయించాడు. దాంట్లో ఏ ఖర్చుకు ఎంత అని కాదు, ఏ తేదీన చేతిలోంచి ఎంత పోతుంది అని. ఒక వరుస పోయే డబ్బుకి, ఒక వరుస ఆగే డబ్బుకి. డిపాజిట్ ఖర్చు కాదు, తిరిగొస్తుంది. కానీ కొత్త ఇంటి డిపాజిట్ 150 తాళం చేతికి రాకముందే కట్టాలి. పాత ఇంటిది 120 ఇల్లు ఖాళీ చేసి, వాళ్లు చూసుకున్నాక ఎప్పుడో వస్తుంది. కొత్త ఇంటి మొదటి నెల అద్దె 75. వీటికి లారీవాళ్లకు ఇవ్వాల్సింది, బడ్జెట్‌లోని మిగతా ఖర్చులు కలిపితే, మారే వారం చేతిలో ఉండాల్సింది 350 దాటింది. నా బడ్జెట్ కాగితం 156 అని చెబుతుంటే! ఆ వరుస వేయకపోయి ఉంటే ఆ వారం ఎవరి దగ్గరో చేయి చాపేవాళ్లం. ఆ నెల కట్టాల్సిన స్కూలు ఫీజు గడువు ముందే అడిగి పొడిగించుకున్నాం.

ఇప్పుడు నా తెలివితేటల సంగతి. రోజుల లెక్కన అద్దె అన్నారు కదా. కొత్త ఇంటి అద్దె రోజుకు రెండున్నర. మూడు రోజులు ముందు తాళం తీసుకుంటే ఏడున్నర దండగ అనుకున్నాను. పాత ఇల్లు పొద్దున అప్పగించడం, కొత్త ఇంటి తాళం అదే రోజు సాయంత్రం తీసుకోవడం, ఒక్క రోజు కూడా రెండు అద్దెలు లేకుండా. ఎంత అందంగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా.

లారీ బయల్దేరింది, వెనకే మేం. దారి నాలుగు గంటలు. సాయంత్రం తాళం తీసి లోపలికెళ్లి మెయిన్ వాల్వు తిప్పాం. కొన్ని నెలలుగా ఖాళీగా ఉన్న ఇల్లది. కాసేపటికి బాత్రూమ్ గోడలోంచి నీళ్లు. వాల్వు కట్టేసేలోగా హాలు తడిసిపోయింది, గోడలో స్విచ్‌బోర్డు దాకా తేమ ఎక్కింది. ప్లంబర్ వచ్చి చూసి, గోడ పగలగొట్టాలి, రేపు మధ్యాహ్నానికి అవుతుంది అన్నాడు. ఎలక్ట్రీషియన్ ఆరేదాకా కరెంటు వేయొద్దన్నాడు. సామాను దించడానికి పొడిగా ఉన్న గది లేదు. పాత ఇంటి తాళం పొద్దునే ఇచ్చేశాం.

లారీ రాత్రంతా ఆగింది. మనుషులతో సహా వెయిటింగ్ చార్జీ 21. అత్తయ్య, పిల్లలతో మేం హోటల్ గదుల్లో పడుకున్నందుకు 8. ఏడున్నర మిగుల్చుకుందామని 29 వదిలించుకున్నాం. మూడు రోజులు ముందు తాళం తీసుకుని నల్లాలన్నీ తిప్పి చూసి ఉంటే, గోడ పని సామాను రాకముందే అయిపోయేది. యజమాని ప్లంబర్ డబ్బు ఇచ్చారు, ఆ విషయంలో పేచీ లేదు. మా లారీ ఆగిన ఖర్చు ఆయన్ని ఎలా అడుగుతాం?

నేను ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపోలేదు. మా ఆయన హాయిగా గురక పెట్టాడు.

మర్నాడు సామాను దించాం. ఇక చిన్న చిన్న సంగతులు. ముందు వైపు తలుపుండే (ఫ్రంట్ లోడ్) వాషింగ్ మెషిన్‌కు డ్రమ్ము కదలకుండా వెనక బిగించే బోల్టులుంటాయి, కొన్నప్పుడు తీసి ఇస్తారు. మేం ఎప్పుడో పారేశాం. బయల్దేరే ముందే ఆ సంగతి తేలి, మెకానిక్‌ను పిలిచి వేరేవి వేయించాం. అది బిగింపుల పద్దు 12లోనే సర్దుకుంది. ఫ్రిజ్ నిలువుగానే తెచ్చారు. పక్కకు పడుకోబెట్టి తెస్తే వెంటనే ఆన్ చేయకుండా కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాలి, అది అడిగి తెలుసుకున్నాను.

కర్టెన్లు మాత్రం నా పద్దులో ఎక్కడా లేవు. పాతవే వేసుకుందాం అనుకున్నాను. కొత్త కిటికీలు వెడల్పు, ఎత్తు రెండూ ఎక్కువ. కుచ్చు పడాలంటే బట్ట వెడల్పు కిటికీకి దాదాపు రెండింతలు ఉండాలి, కాబట్టి ఒక అడుగు పెరిగిన కిటికీకి రెండడుగుల బట్ట. రాడ్లతో కలిపి 11. ఇల్లు చూడటానికి వెళ్లిన రోజున టేపు పట్టుకెళ్లి కిటికీలు, ఫ్రిజ్ పెట్టే సందు, సోఫా గోడ కొలుచుకుని ఉంటే ఈ పద్దు ముందే రాసుకునేదాన్ని. ఆ రోజు నేను కొలిచింది ఒక్కటే, వంటింటి గట్టు.

142లోంచి తగ్గిన 9 తీసేసి, ఆ రాత్రి 29, కర్టెన్ల 11 కలిపితే 173. ఆ రాత్రి లేకపోతే 144. మూడు రోజుల అద్దె కట్టి ఉన్నా 156 లోపే ఉండేవాళ్లం. ఈ కూడికను మా ఆయనకు చూపించలేదు, తమ్ముడికి చూపించాను.

ఐదు వారాలకు పాత ఇంటి డిపాజిట్ వచ్చింది, అనుకున్నట్టే 10 కోసుకుని 110. స్కూలు ఫీజు అందులోంచే కట్టాం. పెట్టెలు 61 విప్పాం. మిగతా మూడింటి మీద ఏముందో ఎవరూ రాయలేదు. ఒక్కోటి మూడు క్యూబిక్ ఫీట్, మూడూ మోసిన ఖర్చు ఒకటింపావు దాకా. ఈ ఆదివారం విప్పుదామని మా ఆయన అంటున్నాడు, పోయిన ఆదివారం కూడా అదే అన్నాడు.