స్కాన్ నార్మల్ వచ్చింది, నేనే నార్మల్‌గా లేను

మొన్న హుజూరాబాద్ నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. వాళ్ల చిన్నోడు పదో తరగతి. క్రికెట్ ఆడుతుంటే క్యాచ్ కోసం ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా పరుగెత్తి తలలు గుద్దుకున్నారట. "స్కాన్ల ఏం లేదన్నరు బిడ్డా. గని వీడు పుస్తకం ముడుతలేడు, లైటేస్తే కండ్లు మూసుకుంటుండు. బడి ఎగ్గొట్టనీకి చేస్తుండని మీ మామ కోపానికొస్తుండు" అంది. చాలాసేపు మాట్లాడాను. మామకు కూడా ఫోన్ ఇవ్వమన్నాను. ఇంటర్ ఫస్టియర్‌లో నా గురించీ ఇవే మాటలు అన్నారు కాబట్టి, కన్‌కషన్ గురించి, అంటే తలకు దెబ్బ తగిలి మెదడు పనితీరు కొన్నాళ్లు చెదిరిపోవడం గురించి, తెలిసినదంతా ఒకచోట రాసిపెడుతున్నాను. ఇంకే ఇంట్లోనైనా పనికొస్తుంది.

నాది కాజీపేట. బాపు లోకో షెడ్‌లో పని చేస్తాడు. 2022లో హన్మకొండలో ఒక జూనియర్ కాలేజీలో ఎంపీసీలో చేరాను. స్కూల్ రోజుల నుంచి కబడ్డీ ఆడేదాన్ని, లెఫ్ట్ కార్నర్. కూతకొచ్చిన రైడర్ బోనస్ లైన్ కోసం కాలు చాపగానే కిందికి దూకి మడమ పట్టుకోవడం కార్నర్ పని. అలా దూకినప్పుడు మన తల సరిగ్గా ఎదుటి మనిషి మోకాలి ఎత్తులో ఉంటుంది. ఆ సెప్టెంబరులో మట్టి కోర్టు మీద నేను దూకడం, రైడర్ గిర్రున వెనక్కి తిరగడం ఒక్కసారే జరిగాయి. ఆమె మోకాలు నా కణతకు తగిలింది.

స్పృహ తప్పలేదు. రక్తం రాలేదు. లేచి మట్టి దులుపుకుని నా మూలకు వెళ్లి నిలబడ్డానని తర్వాత వాళ్లు చెప్తే తెలిసింది. పక్కన కవర్‌లో ఆడే సీనియర్ అక్కను "స్కోరెంతక్కా?" అని అడిగానట. చెప్పింది. ఎదుటివాళ్ల రైడ్ ముగియకముందే మళ్లీ అదే అడిగాను. ఇంకోసారి అడిగేసరికి అక్క చెయ్యెత్తి ఆట ఆపించింది. "మొఖం కడుక్కొని దిగమను, ఏం గాదు" అని లైన్ బయట నుంచి ఎవరో పెద్దాయన అన్నాడు. అక్క వినలేదు. "అడిగిందే అడుగుతుంది సార్. దీన్ని ఆడనియ్యను" అని చెయ్యి పట్టుకుని బయట కూర్చోబెట్టింది. ఆ రోజు నన్ను కాపాడింది ఆమే. మొదటి దెబ్బ నుంచి మెదడు తేరుకోకముందే రెండో దెబ్బ తగిలితే, చాలా అరుదుగానే అయినా, మెదడు ఒక్కసారిగా వాచి ప్రాణం మీదికి రావచ్చు. అలా జరిగినవాళ్లలో ఎక్కువమంది టీనేజీ పిల్లలూ, పడుచువాళ్లే.

సాయంత్రం ఒకసారి వాంతి అయింది. బాపు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. సీటీ స్కాన్ తీశారు, అంతా నార్మల్ అన్నారు, పారాసిటమాల్ రాసి పంపించారు. తల లోపల రక్తం కారలేదని, ఎముక పగల్లేదని తేలడం చిన్న సంగతి కాదు. ఆ స్కాన్ తీసేదే అందుకు. అయితే కన్‌కషన్ సీటీలో కనిపించదు. ఈ ఒక్క ముక్క ఆ రోజు మాకెవరూ చెప్పలేదు. ఆ రాత్రి అమ్మ నన్ను నిద్రపోనివ్వలేదు. తలకు దెబ్బ తగిలినోళ్లు నిద్రపోతే లేవరని పక్కింటి వాళ్లు చెప్పారట. డాక్టర్ చూసి ప్రమాదం లేదన్నాక నిద్రపోవడంలో తప్పు లేదు, మెదడుకు ఆ నిద్రే కావాలి. పాపం, అమ్మ కూడా నాతోపాటు తెల్లవార్లూ కూర్చుంది.

అసలు కష్టం మర్నాటి నుంచి మొదలైంది. కొట్టుకునే ట్యూబ్‌లైట్‌ను చూడలేకపోయేదాన్ని. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకునేదాన్ని. పుట్టినప్పటి నుంచి రైలు కూతల మధ్య నిద్రపోయినదాన్ని, ఇప్పుడు జంక్షన్‌లో హారన్ కొడితే కడుపులో తిప్పేది. మంచం మీద నుంచి లేస్తే గది ఒక పక్కకు ఒరిగేది. మాట్లాడుతూ మాట్లాడుతూ మామూలు మాట కూడా గుర్తురాక ఆగిపోయేదాన్ని. ఇక చదువు సంగతి చెప్పక్కర్లేదు. వరుస చివరిదాకా వచ్చి కింది వరుసకు దిగుదామంటే కళ్లు మళ్లీ పై వరుస మీదికే పోయేవి. ఫిజిక్స్‌లో అప్పుడు వెక్టర్లు నడుస్తున్నాయి. పేజీలో బాణం గుర్తులన్నీ కదులుతున్నట్టుండేది. ఒక పేరా నాలుగైదుసార్లు చదివి, పుస్తకం మూస్తే ఏమీ మిగిలేది కాదు.

చూసేవాళ్లకు మాత్రం నేను బాగానే ఉన్నాను. కట్టు లేదు, కుట్లు లేవు. చెయ్యి విరిగిన పిల్లను ఎవరూ నోట్స్ రాయమని అడగరు. నన్ను అడిగారు. "స్కాన్ నార్మలే కదమ్మా, ఇంకెన్ని రోజులు?" అని కాలేజీ నుంచి ఫోన్. "ఆటల మీద ధ్యాస, చదువంటే తలనొప్పి" అని ఒక చుట్టం. అమ్మమ్మ దిష్టి తీసి, హనుమాన్ గుడి నుంచి ఎర్ర దారం తెచ్చి కట్టింది. ఆ దారంతో తలనొప్పి తగ్గిందని చెప్పను. కానీ నాకు నిజంగా ఏదో అయిందని ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నమ్మింది ఆమె ఒక్కతే. ఆ నమ్మకం నాకు అప్పుడు మందుకన్నా ఎక్కువ అవసరం.

బాపు దగ్గర పట్టుబట్టి అమ్మ నన్ను ఒక నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె రిపోర్టు పక్కన పెట్టి ముందు నన్ను అడిగింది. కళ్లతో తన వేలిని వెంబడించమంది, ఒంటికాలి మీద నిలబడమంది, వారాల పేర్లు వెనక్కి చెప్పించింది. తర్వాత అమ్మకు అర్థమయ్యేలా చెప్పింది. దెబ్బ తగిలినప్పుడు పుర్రెలో మెదడు ఒక్క ఊపు ఊగుతుంది. నాడీకణాలు సాగి, లోపల ఉండాల్సిన పొటాషియం బయటికి పోతుంది, బయట ఉండాల్సిన కాల్షియం లోపలికి వస్తుంది. అదంతా తిరిగి సర్దుకోవడానికి కణాలకు మామూలుకన్నా చాలా ఎక్కువ గ్లూకోజ్ కావాలి. సరిగ్గా అప్పుడే మెదడుకు రక్తం అందడం తగ్గుతుంది. ఖర్చు పెరిగిన నెలలోనే జీతం తగ్గితే ఇల్లు ఎలా నడుస్తుందో మెదడు కూడా అలాగే నడుస్తుంటుంది అంది. అందుకే వెలుతురు, శబ్దం, చదువు అన్నీ బరువే. పెద్దవాళ్లకైతే మామూలుగా రెండు వారాల్లో సర్దుకుంటుందని, నా వయసు పిల్లలకు నాలుగు వారాల దాకా పట్టొచ్చని, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుందని చెప్పింది. అమ్మ ముఖంలో టెన్షన్ తగ్గడం నేను చూశాను. నేనైతే ఏడ్చేశాను. నేను అబద్ధం చెప్పడం లేదని ఒక డాక్టర్ నోటి నుంచి వచ్చింది మరి.

అప్పటిదాకా నన్ను కిటికీలకు దుప్పట్లు కట్టిన గదిలో పడుకోబెట్టారు. డాక్టరమ్మ వాటిని తీసేయమంది. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోన్ వీలైనంత తక్కువ. ఆ తర్వాత చీకటిగదిలో పడి ఉంటే కోలుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది, మెల్లగా నడవాలి. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రీడా వైద్యులంతా కూర్చుని చర్చించి 2023లో ప్రచురించిన సూచనల్లో కూడా ఇదే ఉందని తర్వాత చదివి తెలుసుకున్నాను. పనిచేస్తుంటే తలనొప్పి కొద్దిగా పెరిగితే భయపడక్కర్లేదు. నొప్పికి పదికి ఇన్ని అని పాయింట్లు వేసుకుంటే, అది రెండు పాయింట్ల కన్నా ఎక్కువ పెరిగినా, గంట దాటినా తగ్గకపోయినా ఆ పని ఆపాలి. నేను పాత నోట్‌బుక్ ఒకటి తీసి రోజూ రాసేదాన్ని. నడకకు ముందు మూడు, తర్వాత నాలుగు. లెక్కలు చేయకముందు రెండు, తర్వాత ఆరు. ఆ ఆరు చూసి లెక్కలు మూసేయడానికి నాకు ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది.

బాపుకు ఈ పద్ధతి వెంటనే ఎక్కింది. "రిపేరైన ఇంజన్‌ను షెడ్ల నుంచి తీసి అప్పుడే గూడ్స్‌కు కడ్తమా? ముందు ఒట్టి ఇంజన్‌నే తిప్పి చూస్తం, తర్వాతనే లోడు" అన్నాడు. ఆ రోజు నుంచి డ్యూటీ దిగి వచ్చాక నాతో నడిచేవాడు. ఎండ ఎక్కకముందే ఫాతిమానగర్ వైపు వెళ్లి తిరిగి వచ్చేవాళ్లం. కళ్లు తిరగడం తగ్గడానికి డాక్టరమ్మ ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపింది. బొటనవేలు కళ్ల ఎదురుగా నిలబెట్టి, చూపు గోరు మీదే ఉంచి, తలను మాత్రం అడ్డంగా ఊపాలి. వినడానికి ఏముంది అనిపిస్తుంది. మొదట్లో నాకు కాసేపటికే చెమట పట్టి వికారం వచ్చేది. గోరు రెండుగా కనిపించేది. కొన్నాళ్లకు ఒక్కటిగా నిలబడింది.

కాలేజీకి మళ్లీ వెళ్లడం ఆటకు వెళ్లడం కంటే కష్టం. ముందు చదువు, తర్వాతే ఆట, ఇది కూడా వైద్యులు చెప్పే వరుసే. డాక్టరమ్మ ఉత్తరం రాసి ఇచ్చింది: పొద్దున రెండు మూడు పీరియడ్లే, స్టడీ అవర్స్ వద్దు, వీకెండ్ టెస్టులు కొన్నాళ్లు వద్దు, ట్యూబ్‌లైట్ కింద కాకుండా కిటికీ పక్కన కూర్చోవాలి. మొదట ఒప్పుకోలేదు. స్కాన్‌లో ఏమీ లేనప్పుడు సర్టిఫికెట్ ఎలా చెల్లుతుందన్నారు. అమ్మ ఆ ఉత్తరం పట్టుకుని ఆఫీసు గది ముందు బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చుంది. చివరికి సరేనన్నారు. మా కెమిస్ట్రీ మేడం మాత్రం ఏమీ అడగకుండా తన నోట్స్ ఇచ్చింది. ఒక తెల్ల అట్టకు సన్నని చీలిక కోసి, ఒక్క వరుస మాత్రమే కనపడేలా పేజీ మీద జరుపుకుంటూ చదవమని చెప్పింది కూడా ఆమే. ఆ అట్టతోనే యూనిట్ పూర్తి చేశాను. ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

అదే సమయంలో బతుకమ్మ వచ్చింది. ఎంగిలిపూల రోజు ఏటా వేయిస్తంభాల గుడి దగ్గరికి వెళ్లేవాళ్లం. ఆ జనం, ఆ డీజే చప్పుడు నా వల్ల కాదని ముందే తెలుసు. అందుకని ఇంట్లోనే బతుకమ్మ పేర్చే పని నాకిచ్చారు. కింద కూర్చుని వంగితే తల దిమ్మెక్కేది. అమ్మ తాంబాలాన్ని బల్ల మీద పెట్టి, నాకు కుర్చీ వేసింది. గునుగుపూల కాడలన్నీ ఒకే పొడవు ఉండేలా కత్తిరించి, కట్టలు కట్టి, రంగునీళ్లలో ముంచి ఆరబెట్టాను. తర్వాత ఒక వరుస తంగేడు, ఒక వరుస గులాబీ రంగు గునుగు, మళ్లీ తంగేడు. మామూలుగా అయితే గంట పని, నాకు పొద్దంతా పట్టింది. మధ్య మధ్యలో కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని. పూలైతే ఎదురుచూస్తాయి, పరీక్షలాగా టైం అయిపోయిందని లాక్కోవు. దెబ్బ తగిలాక మొదలుపెట్టిన పనిని చివరిదాకా చేసింది అదే మొదటిసారి. సాయంత్రం అందరూ వెళ్లాక అమ్మమ్మ నాకోసం ఉండిపోయింది. వాకిట్లో మేమిద్దరమే, చప్పట్లు కూడా మెల్లగా కొడుతూ, ఓ రెండు పాటలు పాడుకున్నాం.

ఒక విషయం ఇళ్లల్లో మాట్లాడుకోరు. ఆ రోజుల్లో నాకు విపరీతమైన కోపం, ఏడుపు వచ్చేవి. తమ్ముడు చెంచా కింద పడేసినా అరిచేదాన్ని. రాత్రిళ్లు నేనిక ఎప్పటికీ ఇలాగే ఉంటానేమోనని భయం. అది పొగరు కాదు, దెబ్బలో భాగమే. డాక్టరమ్మ ఆ మాట తమ్ముడికి కూడా చెప్పింది. వాడు అర్థం చేసుకున్నాడు, చిన్నోడైనా.

మా మామకు మాత్రం ఇదంతా చెబితే ఎక్కలేదు. ఆయనకు క్రికెట్ ప్రాణం, అందుకని 2019 లార్డ్స్ టెస్టు గుర్తుచేశాను. ఇంగ్లాండ్ బౌలర్ ఆర్చర్ వేసిన బౌన్సర్ ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. స్మిత్ పరీక్షల్లో పాసై అదే రోజు మళ్లీ బ్యాటింగ్‌కు దిగాడు. మర్నాడు లేచేసరికి తల పట్టేసి ఆడలేకపోయాడు. అతని బదులు లబుషేన్ దిగాడు, టెస్టుల్లో మొట్టమొదటి కన్‌కషన్ సబ్‌స్టిట్యూట్ అతనే. ఆ తర్వాతి టెస్టు కూడా స్మిత్ ఆడలేదు. "అంత పెద్ద ప్లేయరే కూసున్నడు మామా, పదో తరగతి పోరడు కూసోవద్దా?" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సరే, బడికి నేనే పోయి చెప్త" అన్నాడు.

నేను మళ్లీ కోర్టులో దిగడానికి సంక్రాంతి దాటింది. కాలేజీలో రోజంతా కూర్చోగలిగాకే ఆట సంగతి. ముందు సైకిల్, తర్వాత పరుగు, తర్వాత ఎవరినీ తాకకుండా ఫుట్‌వర్క్, డాక్టరమ్మ సరేనన్నాక పట్టుకోవడాలు, ఆఖరున మ్యాచ్. ఒక మెట్టులో తలనొప్పి వస్తే వెనక్కి ఒక మెట్టు. ఆ ఏడు టోర్నమెంట్ పోయింది. మార్చిలో పరీక్షలు మాత్రం రాశాను.

ఇప్పుడు డిగ్రీ చదువుతూ ఆదివారాలు జూనియర్ పిల్లల ఆటకు లైన్ చూడటానికి వెళ్తుంటాను. ఎవరికైనా తల తగిలితే విజిల్ వేయించి, స్కోరెంత, ఇప్పుడు రైడ్ ఎవరిది, పొద్దున ఏం తిన్నావు అని అడుగుతాను. జవాబు తప్పినా, అన్నీ సరిగ్గా చెప్పి కళ్లు తిరుగుతున్నాయన్నా తలనొప్పన్నా ఆ పిల్ల ఆ రోజుకు బయటే. తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఇంటిదాకా తోడు వెళ్తారు, బండి నడపనివ్వం. ఇంట్లో అమ్మకో నాన్నకో నేనే ఫోన్ చేసి, అదే రోజు డాక్టర్‌కు చూపించమంటాను. వాంతులు మళ్లీ మళ్లీ అయినా, తలనొప్పి గంటగంటకు పెరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒక కంటి పాప పెద్దగా ఒకటి చిన్నగా కనిపించినా, మాట తడబడినా, కాలూ చెయ్యీ పట్టు తప్పినా, లేపితే లేవకపోయినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయమంటాను. నొప్పికి పారాసిటమాల్ తప్ప ఇంకే గోళీ డాక్టర్‌ను అడగకుండా వేయొద్దని, స్కాన్ బాగుందన్నా కూడా పిల్ల తల నొస్తుందంటే నమ్మమని చెప్పి పెట్టేస్తాను.