పాత ఆటగాళ్ల జాబితా

గత దసరా తరువాత మా ఫుట్‌బాల్ క్లబ్బుకు కొత్త కమిటీ ఏర్పడినప్పుడు, మొదటి సమావేశంలోనే నాకు అప్పగించిన పని పాత ఆటగాళ్ల జాబితా తయారు చేయడం. తిరుమలగిరి దాటిన తరువాత ఉన్న మా మైదానంలో నేను ఏడేళ్లు లెఫ్ట్ బ్యాక్‌గా ఆడాను కనుక పేర్లన్నీ నాకు గుర్తుండే ఉంటాయని కొత్త కార్యదర్శి అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. నాలుగు రోజుల్లో తేలిపోతుందనుకున్న ఆ పనికి మూడు నెలలు పట్టింది, నిజానికి ఇంకా పూర్తి కాలేదు.

పాత కమిటీ మాకు అప్పగించింది ఒక ఇనుప బీరువాను, దాని తాళంచెవిని. బీరువాలో గీతలు వేయడానికి సున్నం కొన్న రశీదులు, గాలి పోయిన రెండు బంతులు, ఎవరో పెన్నులు పెట్టుకోవడానికి వాడుకున్న వెండిపూత కప్పు, అద్దం పగిలిన ఒక గ్రూప్ ఫొటో దొరికాయి. ఆటగాళ్ల రిజిస్టరు మాత్రం లేదు. ఎవరు ఏ ఏడాది చేరారో, ఎవరు ఎందుకు మానేశారో ఎక్కడా రాసిపెట్టలేదు. ఫొటో వెనుక పేర్లు లేవు. పైగా కూర్చున్న వరుసలో ఎడమ చివరి ముగ్గురి ముఖాలను చెద తినేసింది. వారు నడుము నుంచి కిందికి మాత్రమే మిగిలారు.

హైదరాబాద్‌లో పాత ఫుట్‌బాల్ ఆటగాడిని వెతకాలంటే ఇంటి చిరునామా కంటే ముందు అతడు చేసిన ఉద్యోగం తెలుసుకోవాలి. ఈ నగరంలో ఈ ఆట క్లబ్బుల చందాలతో కాక ఉద్యోగాలతో బతికింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1950 నుంచి 1963లో కన్నుమూసే వరకు తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలుచుకుని వచ్చిందంటే, దాని వెనుక పోలీసు శాఖ ఇచ్చిన నెల జీతం కూడా ఉంది. తరువాతి కాలంలో రైల్వేలు, బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థలు అదే దారిలో జట్లను నిలిపాయి. మా వంటి చిన్న క్లబ్బులు ఆ ఉద్యోగాలకు మెట్లు. బాగా ఆడే కుర్రవాడు రెండు మూడు సీజన్లలో ఏదో ఒక శాఖలోకి వెళ్లిపోయేవాడు, వెళ్లినవాడిని మా క్లబ్బు మరునాటికే మరిచిపోయేది. క్రీడా కోటా నియామకాలు తగ్గిన కొద్దీ ఆ శాఖల జట్లు ఏమయ్యాయన్నది మరొక పెద్ద కథ.

పింఛనుదారులు బ్యాంకుకు వెళ్లి తాము బతికే ఉన్నామని జీవన ప్రమాణ పత్రం ఇచ్చే నెల నవంబరు. ఆ సంగతి మా అన్నయ్య గుర్తుచేశాడు. టోకెన్ తీసుకోకుండా, ఒళ్లో పగిలిన ఫొటో పెట్టుకుని, మూడు రోజుల పాటు ఉదయం పూట బ్యాంకు కుర్చీలో కూర్చున్న నన్ను చూసి సెక్యూరిటీ అతను రెండుసార్లు పలకరించాడు. రెండోసారి ఆ పలకరింపులో కాస్త అనుమానం కూడా వినిపించింది. ఫుట్‌బాల్ ఆడిన మనిషి అరవై దాటాక ఎలా నడుస్తాడో ఆడినవాళ్లకు తెలుసు: మెట్టు ఎక్కేటప్పుడు ఒక మోకాలిని ముందుగా పంపి, రెండోదాన్ని వెనుక నుంచి తెచ్చుకుంటాడు. ఆ నడకను బట్టే నలుగురిని పట్టుకున్నాను. ఆ నలుగురి ఫోన్లలోంచి మరో పదకొండు మంది దొరికారు.

వారిలో మా గోల్‌కీపర్ అన్న ఒకరు. నేను జట్టులో చేరిన ఏడాదే ఒక లీగ్ మ్యాచ్‌లో ఆయన కుడి మోకాలు తిరిగిపోయింది. చికిత్స ఖర్చు క్లబ్బు ఇస్తుందని అప్పటి పెద్దలు మాట ఇచ్చారు, ఇవ్వలేదు. పైగా రెండు నెలల తరువాత ఒక కుర్రవాడిని ఇంటికి పంపి జెర్సీ, గ్లవ్స్ తిరిగి తెప్పించుకున్నారు. ఆ కుర్రవాడిని నేనే. ఇన్నేళ్ల తరువాత ఫోనులో నా గొంతు గుర్తుపట్టి, కుశల ప్రశ్నలైనా లేకుండా ఆయన అడిగిన మొదటి మాట, “ఆ మూడు వందలు ఎవరిస్తరు తమ్మీ?” అని.

నేను నవ్వేశాను, ఆయన నవ్వలేదు. విషయం కార్యదర్శికి చెప్పాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, స్నేహితులతో కలిసి సొంత డబ్బుతో క్లబ్బును నెత్తిన వేసుకున్న ముప్పై ఏళ్ల మనిషి అతడు. మరుసటి ఆదివారమే నాతో బోయిన్‌పల్లి వచ్చి, టీ తాగుతూ కవరులో ఐదు వేలు పెట్టి ఇవ్వబోయాడు. అన్న కవరు ముట్టుకోలేదు. “నాకు దానం వద్దు సార్, బాకీ మూడు వందలే. పుస్తకంల రాసి ఇయ్యుండ్రి” అన్నారు. కార్యదర్శి ముఖంలో రంగు మారింది కానీ మాట మారలేదు. అప్పటికప్పుడు మనిషిని పంపి క్లబ్బు ఖర్చుల పుస్తకం తెప్పించాడు. “మోకాలి చికిత్స, పాత బాకీ, 300 రూపాయలు” అని రాసి, పక్కన అన్న చేత సంతకం పెట్టించాడు. ఆయన నోట్లు లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్న తరువాత, లోపలికి వెళ్లి మా కోసం ఉస్మానియా బిస్కెట్ల డబ్బా తెచ్చారు. ఈ కొత్త కమిటీ మీద నాకు నమ్మకం కుదిరింది ఆ సాయంత్రమే.

అంతకుముందు వారు వేసుకున్న పథకం మీద నాకు అంత మంచి అభిప్రాయం లేదు. ఫంక్షన్ హాలు, వేదిక, ఫ్లెక్సీ, తలా ఒక శాలువా, జ్ఞాపిక, భోజనం: మన ఊళ్లో సన్మానమంటే ఇంతే. కలకత్తాలో మోహన్ బగాన్ 1911 ఐఎఫ్ఏ షీల్డ్ విజయానికి గుర్తుగా ఏటా జూలై 29న పాత ఆటగాళ్లను పిలిచి గౌరవిస్తుంది, మనమూ అలా చేద్దామని కోశాధికారి అన్నాడు. ఆ క్లబ్బు ఏటా పిలుస్తుంది, మనం ముప్పై ఏళ్లకు ఒకసారి పిలుస్తున్నామని నేను గుర్తుచేయాల్సి వచ్చింది. చివరికి ఆ చర్చను ముగించింది మా పాత లెఫ్ట్ వింగర్. రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఆయన్ని లాలాగూడలో కలిసి ఆహ్వానం ఇస్తే, “శాలువాలు ఇంట్ల నాలుగున్నయి బిడ్డా, గవి కప్పుకునేంత చలి ఏడున్నది మన దగ్గర? పొద్దుగాల పిల్లలు ఎన్నింటికొస్తరో చెప్పు” అన్నారు.

పిల్లలు ఆరింటికి వస్తారు. ఆయన ఐదు ముప్పావుకే వచ్చి గోల్‌పోస్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మా కుర్రవాళ్లలో సగం మంది ఇప్పటికీ హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు చొక్కాలే వేసుకుంటారు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన ఆ జట్టు, యాజమాన్యం మారిన తరువాత 2025లో ఢిల్లీకి తరలిపోయింది. చొక్కాలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. ఆ చొక్కా వేసుకున్న పిల్లలకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులోని తులసీదాస్ బలరామ్ పుట్టిన అమ్ముగూడ తమ సైకిళ్లకు అందే దూరంలోనే ఉందని తెలియదు. 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన మహమ్మద్ హబీబ్ హైదరాబాదీ అనీ తెలియదు. వింగర్ అన్న అవేవీ చెప్పలేదు. కుడికాలితో బంతిని తాకినవాడు బయటికి రావాలని మాత్రం చెప్పారు.

అది రహీమ్ సాబ్ కాలం నాటి పద్ధతి. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలన్న నిబంధనతో ఆయన పోటీలు పెట్టించేవారని మా ముందు తరం వారు చెప్పగా విన్నాం. ఐదు నిమిషాల్లో మైదానం ఖాళీ అయిపోయింది. పదహారు మందిలో పదమూడు మంది గీత అవతల నిలబడి ఒకరినొకరు చూసి నవ్వుకుంటున్నారు. అన్న ఒక కుర్రవాడిని పిలిచి, కుర్చీలోంచే ముందుకు వంగి అతని ఎడమ చీలమండను రెండు చేతులతో పట్టుకుని, బొటనవేలు నేల వైపు తిరిగేలా వంచి, మడమ దగ్గర గట్టిగా నొక్కి, “గిట్ల బిగవట్టు, కాలు చెక్క లెక్క ఉండాలె” అన్నారు. కుర్రవాడు తన్నిన మొదటి బంతి కంచె దాటి రోడ్డు మీద పడింది. ఏడో బంతి నేల మీద తిన్నగా, నెమ్మదిగా వెళ్లి వల తాకింది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఇద్దరు ముగ్గురు పాతవాళ్లు వస్తున్నారు. గోల్‌కీపర్ అన్న కూడా వస్తారు కానీ గ్లవ్స్ ముట్టుకోరు, గోల్ వెనుక నిలబడి నోటితోనే అన్నీ నేర్పుతారు.

అందరూ రాలేదు. ఒకాయన నా నంబరు బ్లాక్ చేశారు. కారణం నాకు తెలుసు, ఆయన వైపే న్యాయం ఉంది. మరో ఇద్దరి ఇళ్లలో తలుపు తీసినవారు గోడ మీద దండ వేసిన ఫొటో చూపించారు. వారి పేర్లూ జాబితాలో రాశాను, ఫోన్ నంబరు ఉండాల్సిన గడిలో కొడుకు నంబరు ఒకచోట, కూతురి నంబరు ఒకచోట.

చెద తిన్న ఫొటోను కొత్త అద్దం వేయించి గదిలో తగిలించాం. కిందటి ఆదివారం గోల్‌కీపర్ అన్న దాని ముందు చాలాసేపు నిలబడి, ముఖాలు లేని ముగ్గురిలో మొదటివాడిని వంకర మోకాళ్లను బట్టి, రెండోవాడిని బూటు లేసు అరికాలి కింద నుంచి చుట్టి కట్టుకున్న తీరును బట్టి గుర్తుపట్టారు. మూడో వ్యక్తి మేజోళ్లు జారిపోయి ఉన్నాయి, ఎడమ బూటు ముందు వైపు కుట్టు విడిపోయి ఉంది. అంతకుమించి ఇంకా ఏమీ తేలలేదు.