ఒయాంతాయ్‌తాంబోలో కట్టడం ఆగిపోయిన గుడి

పెరూలో ఒయాంతాయ్‌తాంబోకు వచ్చేవాళ్లలో చాలామంది మాచుపిచ్చు రైలెక్కి వెళ్లిపోతారు. నేను ఆ ఊరి కోసమే వెళ్లాను. స్పానిష్ వాళ్లు రాకముందు అక్కడ ఏలిన ఇంకా ప్రజల కాలంలో అది ఎలా ఉండేదో కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా కడుతున్నాను. ప్లాన్లు ఎన్ని చూసినా, గోడ పక్కన నిలబడితే తప్ప కొన్ని సంగతులు తేలవు.

ఊరి ప్లాన్ చాలావరకు చెక్కుచెదరలేదు. 15వ శతాబ్దంలో వేసిన వీధుల్లోనే జనం ఇప్పటికీ నడుస్తున్నారు. పక్కనే రాతి కాలువల్లో నీళ్లు గలగలా పారుతున్నాయి. ఒక్కో బ్లాకులో రెండు కాన్చాలు వీపు వీపు ఆనించుకుని ఉంటాయి. కాన్చా మన మండువా లోగిలిలాంటిదే, నడుమ ఖాళీ జాగా ఉంటుంది. కాకపోతే చుట్టూ ఉన్నవి దేనికదే కప్పున్న ఒంటిగది ఇళ్లు.

ఒక కాన్చాలో ఉంటున్న పెద్దావిడ లోపలికి రమ్మంది. గుమ్మం కింద వెడల్పుగా, పైకి పోనుపోను ఇరుకుగా ఉంది. టేపు పెట్టి కొలుచుకున్నాను. కింద ఇంకాల రాయి, పైన మట్టి ఇటుక, ఆపైన పెంకులు. పెంకులు స్పానిష్ వాళ్లతో వచ్చినవి కాబట్టి మోడల్‌లో ఉండకూడదు. వాటి చోట ఇచు అనే కొండగడ్డి కప్పు రావాలి. ఆ గడ్డి ఎప్పుడో పోయింది. దాని వాలు ఎంతో చెప్పగలిగేవి పైకి కోసుగా లేచిన పక్క గోడలే. ఊరి ఎదురుగా పింకుయునా కొండ మీది పాత ధాన్యపు కొట్లకు అవి ఇంకా నిలిచే ఉన్నాయి. ఎత్తైన చోటు కదా, ఆయాసపడుతూ ఎక్కాను. ఒక ఫొటోలో పడిన రాయి పక్క ఫొటోల్లోనూ పడేలా, అడుగు అడుగు జరుగుతూ తీశాను. ఆ ఉమ్మడి గుర్తుల్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్ గోడ ఆకారాన్ని లెక్కగడుతుంది. మబ్బు ఉన్నంతసేపూ హాయిగా సాగింది. ఎండ రాగానే నీడలు కదిలిపోతాయని టెన్షన్.

అసలు చిక్కు సూర్యుడి గుడి దగ్గర వచ్చింది. రయొలైట్ అనే గులాబీ రంగు అగ్నిపర్వత రాతి బండలు ఆరు పక్కపక్కనే నిలబెట్టి, మధ్య సందుల్లో సన్నని రాతి పలకలు దూర్చారు. ఒక బండ మీద మెట్ల మెట్ల చెక్కుడు అరిగిపోయి, పక్క నుంచి వెలుగు పడితేనే స్పష్టంగా తెలుస్తోంది. ఈ బండల్ని ఉరుబాంబా నదికి అవతల, కచికాతా గని నుంచి ఈడ్చుకొచ్చారు. గుడి మాత్రం పూర్తి కాలేదు. గని నుంచి వచ్చే దారిలో పెద్ద బండలు ఇప్పటికీ పడున్నాయి. అక్కడివాళ్లు వాటిని అలసిన రాళ్లంటారు.

పూర్తయిన గుడి ఎలా ఉండేదో చూపించమని తోటి ప్రయాణికులు అడిగారు. నాకు మనసొప్పలేదు. ఎన్నడూ లేని గోడల్ని ఎంత అందంగా గీసినా, చూసినవాళ్లు అదే నిజమనుకుంటారు. పైగా రాయి దొలిచి, నది దాటించి, కొండెక్కించిన మనుషుల శ్రమ దారిలో ఆగిన ఆ రాళ్లలోనే బాగా కనిపిస్తుంది. అందుకే మోడల్‌లో ఆరు బండలనే నిలబెట్టి, అలసిన రాళ్లను వాటి దారిలోనే ఉంచాను. కొలిచిన గోడలకు ఒక రంగు, ఊహించిన గడ్డికప్పులకు మరో రంగు వేశాను.