రెఫరెన్స్ డెస్క్ దగ్గర

నా పీహెచ్‌డీ థీసిస్ మూడో చాప్టర్‌కి కావలసిన ఒక పాత వ్యాసం కోసం మూడు వారాలుగా వెతుకుతున్నాను. ఎక్కడ నొక్కినా డబ్బు కట్టమనే పేజీయే. ఇక లాభం లేదని ఈరోజు పొద్దున్న రెఫరెన్స్ డెస్క్‌కి వెళ్లి లైబ్రేరియన్ మేడమ్‌ని అడిగాను. "ఇంటర్‌లైబ్రరీ లోన్‌లో తెప్పిద్దాం, ఫారం నింపమ్మా" అన్నారు. మన దగ్గర లేని వ్యాసాన్ని వేరే లైబ్రరీ వాళ్లు స్కాన్ చేసి పంపుతారట. కొత్త వ్యాసాలైతే ముందు రచయిత పనిచేసే సంస్థ రిపాజిటరీలో, అంటే తమవాళ్ల వ్యాసాలు దాచి ఉంచే వెబ్‌సైట్‌లో, చూడమన్నారు. రచయితలు తమ ప్రతిని అక్కడ పెట్టుకోవడానికి చాలా జర్నల్స్ ఒప్పుకుంటాయట.

నాది నాలుగో ఏడాది. ఈ సంగతి ఈరోజే తెలిసింది! చేరినప్పుడు నియమాలు చెప్పారు, గడువులు చెప్పారు. సాయం ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తోంది.

మధ్యాహ్నం మొదటి ఏడాది అమ్మాయి ఒకతె మెట్ల మీద కూర్చుని ఏడుస్తూ కనిపించింది. గైడ్ డ్రాఫ్ట్ తిప్పి పంపారట. "అక్కా, నేను అసలు దీనికి పనికొస్తానా?" అంది. నేనూ రెండేళ్ల కింద ఇదే ప్రశ్న వేసుకున్నాను, కాకపోతే ఎవరినీ అడగలేదు. 2018లో నేచర్ బయోటెక్నాలజీలో వచ్చిన సర్వే గురించి చెప్పాను. 26 దేశాల నుంచి 2,279 మంది విద్యార్థులు జవాబిచ్చారు, ఎక్కువమంది పీహెచ్‌డీ వాళ్లే. వాళ్లలో 41 శాతం మందిలో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన ఆందోళన కనిపించింది. లోపం తనలోనే ఉందనుకోవద్దన్నాను. కౌన్సెలర్ దగ్గరికి ఒంటరిగా వెళ్లడానికి మొహమాటపడుతుంటే, నేను తోడు వస్తానన్నాను.

తర్వాత తన ల్యాప్‌టాప్‌లో జొటేరో పెట్టి ఇచ్చాను, రెఫరెన్సులు దాచుకుని జాబితా తనే తయారుచేసే సాఫ్ట్‌వేర్ అది. 2006 నుంచీ ఉచితంగానే దొరుకుతోంది. ఈ పిల్లేమో రెండొందల రెఫరెన్సులు చేత్తో టైప్ చేసుకుంటోంది.

సాయంత్రం ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఫోన్లు పక్కన పెట్టి, ఇరవై ఐదు నిమిషాల చొప్పున నాలుగు విడతలు రాసుకున్నాం. మాటల్లేవు. నాకు పేజీన్నర వచ్చింది. ఈ నెలలో ఇదే ఎక్కువ.

ఇప్పుడే తన మెసేజ్ వచ్చింది. రేపు పదకొండింటికి కౌన్సెలర్ టైమ్ ఇచ్చారట. పదిన్నరకి హాస్టల్ గేటు దగ్గర ఉంటానన్నాను.