వాడి కారులోనూ అదే పాట

ఎం.ఏ. ఇంగ్లిష్ చదువుతున్న మా అక్క కూతురికి సెమినార్‌కి ఒక కథ ఇచ్చారు. అమెరికన్ రచయిత్రి జాయిస్ కరోల్ ఓట్స్ 1966లో రాసిన ‘వేర్ ఆర్ యు గోయింగ్, వేర్ హావ్ యు బీన్?’. గైడులో ఉన్నది ఉన్నట్టు నాకు అప్పజెప్పింది: ఈ కథలో సంగీతం చెడు ప్రభావానికి గుర్తు, రాక్ పాటల మోజులో పడి కోనీ అనే పదిహేనేళ్ల పిల్ల ఒక దుర్మార్గుడి చేతికి చిక్కింది, అంతే చిన్నమ్మా అని.

అంతే అయితే దానికి ఓట్స్ ఎందుకు? మా వీధిలో ఏ పెద్దాయన్ని అడిగినా చెప్తాడు, చెవుల్లో ఆ వైర్లు పెట్టుకుని తిరిగే ఆడపిల్లలు బాగుపడరని. (మగపిల్లలు పెట్టుకుంటే ఏమీ కాదు కాబోలు.)

కథలో వాళ్లమ్మ కోనీని ఎప్పుడూ పెద్దకూతురు జూన్‌తో పోల్చి సాధిస్తుంటుంది, నాన్న పేపర్లోంచి తలెత్తడు. ఇక ఆ పిల్లకి మిగిలింది రేడియో. స్నేహితురాళ్లతో పోయే హోటల్లో వెనక ఎప్పుడూ పాట మోగుతూనే ఉంటుంది, చర్చిలో సంగీతంలాగా, నమ్ముకోదగ్గదిగా ఉంటుందంటుంది రచయిత్రి. తిరుపతిలో పెరిగినవాళ్లకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున మైకులో సుప్రభాతం వస్తుంటే మనం వింటున్నామని కూడా అనుకోం, అది రాని రోజే ఏదో తేడాగా ఉంటుంది.

ఒక ఆదివారం ఇంట్లోవాళ్లు చుట్టాలింటికి పోతే కోనీ తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటూ ఉండిపోతుంది, గంటన్నరసేపు రేడియో వింటుంది. అప్పుడు బంగారు రంగు పూసిన ఒక డొక్కు కారు వచ్చి ఆగుతుంది. ఆర్నాల్డ్ ఫ్రెండ్ అనేవాడు దిగుతాడు, కారులో కూర్చున్న రెండోవాడి దగ్గర ట్రాన్సిస్టర్. కాసేపటికి కోనీకి తెలుస్తుంది, ఇంట్లో వస్తున్న ప్రోగ్రామే అందులోనూ వస్తోందని. ‘బాబీ కింగ్ కదా, నేనెప్పుడూ వింటా’ అంటాడు ఆర్నాల్డ్, రేడియోలో పాటల మధ్య మాట్లాడేవాడి గురించి. ఆ పిల్ల కూడా మనసొప్పకపోయినా బాగుంటాడని ఒప్పుకుంటుంది. నన్నడిగితే కథకి ఆయువుపట్టు అదే. ముక్కూమొహం తెలియనివాడితో అప్పటికే ఏదో పరిచయం ఉన్నట్టు అయిపోయింది.

తర్వాత వాడి మాటతీరు, పాట అప్పజెప్పినట్టు సాగే ఆ గొంతు, పిడికిలితో పిడికిలి తట్టుకోవడం, అన్నీ కోనీ గుర్తుపడుతుంది. వేటికవి తెలిసినవే, కానీ ఒకదానికొకటి అతకవు. వాడు కుర్రాడు కాదని, ముప్పయ్యో ఇంకా ఎక్కువో ఉంటాయని అప్పుడు గమనిస్తుంది. అంటే పాట ఆ పిల్లని చెడగొట్టలేదు, వాడు పాటని తొడుక్కుని వచ్చాడు. ఓట్స్ ఈ కథని బాబ్ డిలన్‌కి అంకితమిచ్చింది కూడా. పాటే విషమనుకునే మనిషి పాటగాడికి అంకితమిస్తుందా?

దీని వెనక నిజంగా జరిగిన ఘోరం ఉంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో చార్లెస్ ష్మిడ్ అనేవాడు 1964, 65ల్లో ముగ్గురు అమ్మాయిల్ని చంపాడు. మొహానికి మేకప్ వేసుకుని, ఎత్తు కనబడటానికి బూట్లలో గుడ్డలు, డబ్బాలు కుక్కుకుని కుర్రకారులో తిరిగేవాడు. 1966 మార్చిలో లైఫ్ పత్రిక వాడిని టూసాన్ పైడ్ పైపర్ అంది, పిల్లనగ్రోవి ఊది ఊళ్లో పిల్లలందర్నీ వెంటేసుకుపోయిన జర్మనీ కథలోని వాడి పేరు పెట్టి.

ఇది చదువుతుంటే నాకు మా తిరుపతి గ్రామదేవత గంగమ్మ గుర్తొచ్చింది. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు అమ్మవారికి భయపడి దాక్కుంటే, ఆ తల్లి వేషం మీద వేషం వేసుకుని వెతికి, చివరికి దొర వేషంలో వచ్చేసరికి వాడు నమ్మి బయటికొస్తాడు, తల తెగుతుంది. అందుకే మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకి మగవాళ్లు కూడా చీరలు కట్టి, మొహాలకి రంగులు పూసుకుని, డప్పుల మోతకి చిందులేస్తూ గుడికి పోతారు. అక్కడ వేషమూ వాద్యమూ ఆడపిల్లల పక్షం. ఓట్స్ కథలో రెండూ పాలెగాడి చేతిలో ఉన్నాయి, బయటికి రప్పించే పని మాత్రం అదే. మా వీధి పెద్దాయన కూడా డప్పు వింటే పిల్లలు చెడిపోతారని ఏనాడూ అనలేదు మరి!

ఇదంతా చెబితే మా పిల్ల, ‘మరి చివర్లో ఎందుకెళ్లింది చిన్నమ్మా, గడియ పెట్టుకోవచ్చు కదా’ అంది. అది వల తలుపు, ఎవరైనా పగలగొట్టుకుని రావచ్చని వాడే అంటాడు. ఫోన్ ముట్టుకుంటే లోపలికొస్తానంటాడు, బయటికి రాకపోతే ఇంట్లోవాళ్లు తిరిగొచ్చాక వాళ్ల సంగతి చూస్తానంటాడు. అక్కడికొచ్చేసరికి పాటతో వాడికి పని లేదు, అంతా బెదిరింపే. ఆ పిల్ల ఫోన్ పట్టుకుని కేకలేసింది కూడా ఏ పాటగాడి కోసమో కాదు, ఎప్పుడూ తిట్టే అమ్మ కోసం.

కోనీ చివరికి బయటికి నడవడంలో అనుకోని వీరత్వం ఉందని ఓట్సే తర్వాత రాసింది. మా పిల్ల ఒప్పుకోలేదు, ‘భయంతో పోయింది, వీరత్వమేంది’ అంది. సెమినార్లో అదే చెప్పవే అన్నాను, మార్కులు తగ్గుతాయని టెన్షన్ పడుతోంది. చూడాలి, చివరికి గైడులోదే చెప్తుందేమో.