కర్పూరం బిళ్ళతో మోల్ లెక్కలు

ఇంటర్ మొదటి సంవత్సరం రసాయనశాస్త్రంలో మోల్ లెక్కలు మొదలయ్యేసరికి, అప్పటిదాకా చురుగ్గా చదువుతున్న పిల్లలు కూడా తడబడతారన్నది తిరుపతిలో పాఠం చెప్పే మా వంటి వారందరికీ అనుభవమే. పలమనేరు, పుంగనూరు వైపు పల్లెల నుంచి ఇక్కడి కళాశాలల్లో చేరే పిల్లలకు గుణకారం, భాగహారం రాక కాదు. సమీకరణంలో పదార్థాల పేర్ల ముందు కనిపించే అంకెలు గ్రాములను చెబుతున్నాయా, అణువుల సంఖ్యను చెబుతున్నాయా అన్న దగ్గరే వారికి చిక్కు పడుతుంది. ఆ చిక్కు విప్పకుండా సూత్రాలు కంఠస్థం చేయించడం వల్ల మార్కులు కొన్ని వస్తాయేమో గాని, ప్రశ్న కొంచెం తిరగబడితే చాలు, పిల్లవాడి కలం ఆగిపోతుంది.

సమీకరణంలోని అంకెలు అణువుల సంఖ్యలనే చెబుతాయి. అణువులను లెక్కపెట్టే తక్కెడ ఏ ప్రయోగశాలలోనూ ఉండదు. మనకు ఉన్నది గ్రాములు చూపే తక్కెడ మాత్రమే. కొండ మీద హుండీ కానుకలను లెక్కించే పరకామణి గురించి వినని పిల్లలు మా ఊళ్ళో ఉండరు కనుక నేను వారికి నాణేల గుట్టను గుర్తు చేస్తాను. ఒకే రకం నాణేల గుట్ట అయితే, ఒక్క నాణెం బరువు తెలిసినప్పుడు గుట్టను తూచి ఎన్ని నాణేలున్నాయో చెప్పవచ్చు. కాని రెండు రూపాయల నాణేలను, ఐదు రూపాయల నాణేలను సమానమైన బరువుకు తూచి రెండు కుప్పలు పోస్తే, ఆ కుప్పల్లోని నాణేల సంఖ్య సమానం కాదు. పదార్థాలకూ ఇదే వర్తిస్తుంది. 18 గ్రాముల నీటిలోను, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌లోను అణువుల సంఖ్య ఒక్కటే, ఆ సంఖ్య పేరే మోల్. 2019 మే 20 నుంచి దాని విలువను కచ్చితంగా 6.02214076 × 10²³ గా స్థిరపరిచారు. అంతకుముందు 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటే అన్ని అని నిర్వచించేవారు.

ఇప్పుడు హారతి పళ్ళెంలోని కర్పూరాన్నే తీసుకుందాం. కర్పూరం అణువులో 10 కార్బన్, 16 హైడ్రోజన్, 1 ఆక్సిజన్ పరమాణువులున్నాయి కాబట్టి మోల్ ద్రవ్యరాశి 120 + 16 + 16, అంటే 152 గ్రాములు. లెక్క తేలిగ్గా సాగడానికి 1.52 గ్రాముల బిళ్ళను వెలిగించామనుకుంటే, అది 0.01 మోల్. పూర్తిగా మండితే 2 అణువుల కర్పూరానికి 27 అణువుల ఆక్సిజన్ ఖర్చయి, 20 అణువుల కార్బన్ డయాక్సైడ్, 16 అణువుల నీరు వస్తాయి. కనుక మన 0.01 మోల్ కర్పూరానికి ఆక్సిజన్ 0.135 మోల్ కావాలి. కార్బన్ డయాక్సైడ్ 0.1 మోల్, నీరు 0.08 మోల్ రావాలి.

వీటిని తిరిగి గ్రాముల్లోకి మారిస్తే కార్బన్ డయాక్సైడ్ 4.40 గ్రాములు. ఒకటిన్నర గ్రాముల బిళ్ళ నుంచి నాలుగు గ్రాములకు పైగా వాయువు ఎలా వస్తుందని పిల్లలు ఆశ్చర్యపోతారు, ఆ ఆశ్చర్యాన్ని తొందరపడి తీర్చకూడదని నా అభిప్రాయం. ఖర్చయిన ఆక్సిజన్ ఎంతో వారినే కట్టమనాలి: 0.135 ను 32తో గుణిస్తే 4.32 గ్రాములు. నీరు 1.44 గ్రాములు. ఇటు 1.52, 4.32 కలిపితే 5.84, అటు 4.40, 1.44 కలిపితే అదే 5.84. కంటికి ఏమీ మిగల్చకుండా కరిగిపోయిందనుకునే కర్పూరం ఎక్కడికి పోయిందో, గాలి నుంచి ఏమి తీసుకుందో ఆ కూడికలో కనిపిస్తుంది. నిజానికి పళ్ళెం మీద నల్లటి మసి పడుతుంది కదా, అదంతా పూర్తిగా మండని కార్బనే. కాబట్టి అసలు వచ్చే కార్బన్ డయాక్సైడ్ మన లెక్కకంటే తక్కువే ఉంటుంది.

వాయువుల ఘనపరిమాణం దగ్గర మరో జాగ్రత్త అవసరం. ఒకే ఉష్ణోగ్రత, పీడనాల వద్ద సమాన ఘనపరిమాణాల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయని ఇటలీ శాస్త్రవేత్త అవొగాడ్రో 1811లోనే ప్రతిపాదించినా, 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహేలో జరిగిన రసాయన శాస్త్రవేత్తల సమావేశంలో ఇటలీకే చెందిన కానిజారో గట్టిగా వాదించిన తరువాతే దానికి తగిన ఆదరణ లభించింది. ఈ సూత్రంలో ‘ఒకే ఉష్ణోగ్రత, పీడనాల వద్ద’ అన్నదే ప్రాణం, పిల్లలు దాన్నే వదిలేసి ఎక్కడబడితే అక్కడ 22.4 వేసేస్తారు. ఒక మోల్ వాయువుకు 22.4 లీటర్లు అన్నది సున్నా డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ పీడనం వద్ద విలువ. 1982 నుంచి రసాయనశాస్త్ర ప్రమాణాలను నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ ప్రామాణిక పీడనాన్ని 1 బార్‌గా తీసుకున్నందున ఆ నియమం ప్రకారం 22.7 లీటర్లు అవుతుంది. ప్రశ్నలో అట్మాస్ఫియర్ అన్నారా, బార్ అన్నారా అని చూడకుండా ఏ అంకె వేసినా అది గుడ్డి లెక్కే. అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు మాత్రం నీటి విషయంలోది. మన 0.08 మోల్ నీటికి 22.4 వేసి 1.79 లీటర్లు అని రాసేస్తారు, కాని సున్నా డిగ్రీల దగ్గర నీరు ఆవిరిగా ఉండదు, అది దాదాపు ఒకటిన్నర మిల్లీలీటర్ల ద్రవం మాత్రమే.

మన ఊరి ఎండాకాలానికి ఈ లెక్క కట్టి చూడటం నాకు ఇష్టమైన పని. 40 డిగ్రీల వేడిలో, సుమారు 0.98 అట్మాస్ఫియర్ పీడనంలో, తిరుపతిలో ఒక మోల్ వాయువు 26.2 లీటర్లు ఆక్రమిస్తుంది. కొండ మీద చల్లగా ఉంటుంది కనుక అక్కడ తగ్గుతుందనే అందరూ చెబుతారు. అయితే తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్నందున పీడనం 0.9 అట్మాస్ఫియర్ దగ్గరికి దిగుతుంది. అక్కడ 30 డిగ్రీలు ఉందనుకున్నా ఒక మోల్‌కు 27.6 లీటర్లు వస్తుంది. చల్లదనం కుదించిన దానికంటే, పీడనం తగ్గడం వల్ల వ్యాకోచించినదే ఎక్కువ. కింద తిరుపతిలోనే బిళ్ళను వెలిగిస్తే 0.135 మోల్ ఆక్సిజన్‌కు మూడున్నర లీటర్లు, గాలిలో ఆక్సిజన్ 21 శాతమే కనుక దాదాపు 17 లీటర్ల గాలి కావాలి.

ఇక చర్యలో పాల్గొనే రెండు పదార్థాలనూ (క్రియాజనకాలనూ) కొలిచి ఇచ్చినప్పుడు ఏది ముందు అయిపోతుందో తేల్చాలి. ప్రయోగశాలలో 5 గ్రాముల కాల్షియం కార్బోనేట్ పొడి మీద 0.5 మోలార్ (అంటే లీటరుకు 0.5 మోల్ ఉండే) హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మిల్లీలీటర్లు పోశామనుకోండి. రెండూ 0.05 మోల్ చొప్పునే ఉన్నాయి కాబట్టి సరిగ్గా సరిపోయాయని అనిపిస్తుంది, కాని ఒక మోల్ కార్బోనేట్‌కు రెండు మోల్‌ల ఆమ్లం కావాలి. అందువల్ల ఆమ్లమే ముందు అయిపోతుంది, కార్బోనేట్‌లో సగం, అంటే 2.5 గ్రాములు, కుప్పె అడుగున తెల్లగా మిగిలిపోతుంది. వెలువడే కార్బన్ డయాక్సైడ్ 0.025 మోల్, అంటే 1.1 గ్రాములు. ఈ వాయువు నీటిలో కొంత కరుగుతుంది కాబట్టి నీటి మీదుగా సేకరించి కొలిస్తే ఘనపరిమాణం తక్కువగా వస్తుంది. దానికి బదులు కుప్పె మూతికి దూది పెట్టి, తక్కెడ మీదే ఉంచి, నురగ ఆగేదాకా బరువు తగ్గడాన్ని చూడటం మేలు. తుంపర్లు బయటికి పోకుండా దూది ఆపుతుంది, వాయువు మాత్రం పోతుంది. కొంత ఆ ద్రావణంలోనూ కరిగి ఉంటుంది కనుక, చివర్లో కుప్పెను నెమ్మదిగా తిప్పితే తక్కెడ 1.1కు ఇంకాస్త దగ్గరగా వస్తుంది.