స్కూలు మీద ఇంకో రెండు ఫ్లోర్లట

మా కాలనీలో స్కూలు మీద ఇంకో రెండు ఫ్లోర్లు వేస్తున్నారని తెలిసినప్పటి నుంచి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు ఆగిపోయాయి. ఈ గొడవలో ఇప్పటిదాకా జరిగిన మంచి అదొక్కటే. మిగతాదంతా అర్జీ, సంతకాలు, మీటింగులు, "నేను ముందే చెప్పాను" అనే పెద్దమనుషులు.

మేముండేది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు. 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయ్యింది కానీ అంతకుముందు ఇదంతా గ్రామపంచాయతీ. జీ ప్లస్ టూకి (గ్రౌండ్ మీద రెండు అంతస్తులకి) పంచాయతీ కాగితం తెచ్చుకుని పైన ఇంకో రెండు మూడు అంతస్తులు లేపేస్తే అప్పట్లో ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు. స్కూలూ ఆ రోజుల్లోదే. రెండు ఇళ్ల స్థలాలు కలిపి నర్సరీ నుంచి ఐదో తరగతి దాకా మొదలుపెట్టారు, తర్వాత పక్క ప్లాటు కొన్నారు, తర్వాత టెన్త్ దాకా వచ్చింది, ఆ తర్వాత గేటు మీదకి ఐఐటీ ఫౌండేషన్ అని ఫ్లెక్సీ ఎక్కింది. ఇప్పుడు పైన రెండు ఫ్లోర్లు, వెనక ఒక బ్లాకు. పిల్లర్ల మీద చువ్వలు ముందే వదిలి పెట్టుకున్నారు, అంటే ఈ ఆలోచన ఈ ఏడాదిది కాదు.

అసోసియేషన్ వాళ్లు అర్జీ తయారుచేశారు, నేనూ చదివాను. ట్రాఫిక్, దుమ్ము, నీళ్లు, గోల, పార్కింగ్, ఫ్లాట్ల రేట్లు పడిపోవడం, "బయటి పిల్లలు" రావడం, పైఫ్లోర్ నుంచి మన బాల్కనీల్లోకి కనపడటం, అన్నీ ఒకే బరువుతో వరసగా రాసేశారు. ఆఫీసులో కూర్చున్న టౌన్ ప్లానింగ్ ఆయన ఇది చదివితే ఏం చేస్తాడు? పక్కన పెడతాడు. అందులో పట్టుకోవాల్సినవి కొన్నే ఉన్నాయి, అవి రేట్ల పాయింటు కింద నలిగిపోయాయి.

ముందు ట్రాఫిక్ సంగతి, ఎందుకంటే అది నిజం. మాది ముప్పై అడుగుల రోడ్డు. అడుగులు లెక్కలోనే ముప్పై. రెండు పక్కలా కార్లు ఆగి ఉంటాయి (అవి మనవే, స్కూలువి కావు), ఒక పక్క డ్రైనేజీ మూతలు రోడ్డు కంటే నాలుగు వేళ్లు ఎత్తులో ఉంటాయి, మిగిలిన సందులో ఉదయం ఎనిమిదింటికి స్కూలు వ్యాన్లు లోపలికి వస్తాయి. అటు చివర రోడ్డు మూసుకుపోతుంది కాబట్టి వచ్చిన ప్రతి వ్యానూ వెనక్కే పోవాలి. డ్రైవర్ రివర్స్ గేర్ వేస్తే ఆ పీప్ పీప్‌కి వెనక ఉన్న స్కూటీ ఆవిడ హారన్, ఆ స్కూటీ మీద ముందు నిలబడ్డ యూకేజీ పిల్లాడి మెడలో వాటర్ బాటిల్, వెనక సీట్లో రెండో తరగతి అమ్మాయి ఒళ్లో చార్ట్ పేపర్ చుట్ట. వ్యాన్ పక్కన ఆయా నడుస్తూ "రానీ, రానీ, ఆపు ఆపు" అంటూ డోరు మీద చేత్తో కొడుతుంది. ఆ అరగంటలో ఈ రోడ్డు మొత్తాన్ని నడిపేది ఆవిడ చెయ్యి. ఇంకో రెండు ఫ్లోర్లంటే ఒక్కో ఫ్లోర్‌కి ఆరు రూములు వేసుకున్నా, రూముకి నలభై మంది అనుకున్నా, దాదాపు ఐదొందల మంది పిల్లలు అదనం. ఆ ఐదొందల మందీ ఇదే గేటు నుంచి, ఇదే అరగంటలో.

కాబట్టి ఆ పాయింటు ఉండాల్సిందే. కానీ "పర్మిషన్ లేకుండా కట్టారు" అని మనం పెద్ద గొంతుతో రాసే ముందు ఒకసారి మన టెర్రస్ వైపు కూడా చూసుకోవాలి. అర్జీ మీద మొదటి సంతకం పెట్టిన పెద్దాయనది పెంట్‌హౌస్. ప్లాన్‌లో లేదు. బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్) వచ్చినప్పుడు డబ్బు కట్టి సరిచేసుకుందామనుకున్నవాళ్లు, 2015లో బీఆర్ఎస్‌కి (పార్టీ కాదు బాబూ, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) అప్లై చేసి, అది హైకోర్టులో ఆగిపోతే ఆ రసీదు ల్యామినేషన్ చేయించి దాచుకున్నవాళ్లు మన కాలనీల్లో ఎంతమందో అందరికీ తెలుసు. స్కూలు కరస్పాండెంట్ గారికీ తెలుసు. ఆయన మీటింగ్‌కి వస్తే మొదట ఎత్తే మాట అదే, రాసిపెట్టుకోండి.

గోల గురించి కూడా ఒక మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం స్కూలు చుట్టూ కనీసం వంద మీటర్లు సైలెన్స్ జోన్‌గా ప్రకటించే వీలుంది, పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40. మామూలు నివాస ప్రాంతానికి అది 55, 45. అంటే స్కూలు ఉన్న చోటే ఎక్కువ నిశ్శబ్దంగా ఉండాలన్నది రూలు. మా దగ్గర వంద మీటర్లలోపు అన్నిటికంటే గట్టిగా మోగేది స్కూలు మైకే. ప్రేయర్, న్యూస్ రీడింగ్, బర్త్‌డే బేబీల పేర్లు, పీఈటీ సార్ విజిల్, యాన్యువల్ డే నెలలో డాన్స్ ప్రాక్టీస్. రోజూ పిల్లలు చేసే అల్లరి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, అది గోల కాదు. మైకు వేరు. బాక్సులు లోపలి వైపు తిప్పి పెట్టమంటే చాలు, దానికి అర్జీ కూడా అక్కర్లేదు, ఎవరో ఒకరు వెళ్లి మర్యాదగా అడగాలి.

ఇప్పుడు ఆ అర్జీలో అసలు లేనివాటి దగ్గరికి వస్తాను. రెండు పేజీలు తిరగేశాను, పిల్లలు ఎలా కిందికి దిగుతారన్న మాట ఎక్కడా లేదు. ఆ బిల్డింగ్‌లో మెట్లు ఒకే చోట ఉన్నాయి. పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లిన ప్రతి ఒక్కరికీ తెలుసు, ఇద్దరు పెద్దవాళ్లు ఎదురైతే ఒకళ్లు గోడకి ఒరగాలి. ల్యాండింగ్ దగ్గర పాత బెంచీలు పేర్చి ఉంటాయి. కిటికీలకి ఇనుప గ్రిల్స్. దీని మీద ఇంకో రెండు ఫ్లోర్లు, అక్కడ తొమ్మిది, పది తరగతులు, కింద చిన్నపిల్లలు. కుంభకోణం గుర్తుందా? 2004 జూలై 16, తమిళనాడు. వంటింట్లో మంట మొదలై పైన పూరి కప్పుకి అంటుకుంది, 94 మంది పిల్లలు పోయారు. ఇరుకు మెట్లు, ఒకే బిల్డింగ్‌లో కుక్కిన స్కూళ్లు. ఆ ఘటన తర్వాత వేసిన కేసులోనే 2009లో సుప్రీంకోర్టు, పిల్లలకి చదువుకునే హక్కుతో పాటు సురక్షితమైన స్కూల్లో చదువుకునే హక్కు కూడా ఉందని చెప్పింది. మన దగ్గర 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టంలో స్కూళ్ల గురించి విడిగానే ఉంది. మొదట్లో ప్లాటు 500 చదరపు మీటర్లు దాటినా, బిల్డింగ్ ఎత్తు 6 మీటర్లు దాటినా ఫైర్ ఎన్ఓసీ (ఫైర్ వాళ్లిచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) కావాల్సి ఉండేది. 6 మీటర్లంటే రెండు ఫ్లోర్లు. అపార్ట్‌మెంట్‌కి ఆ గీత 18 మీటర్ల దగ్గర ఉండేది, చూడండి తేడా. ఈ స్కూలు ఆ గీత ఎప్పుడో దాటేసింది. ఎన్ఓసీ ఉందా, ఉంటే ఎన్ని ఫ్లోర్లకి ఉంది, ఏ సంవత్సరానిది? ఈ ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడిగితే ఆఫీసులో ఎవరో ఒకరు సంతకం పెట్టి జవాబివ్వాలి. బాల్కనీలు కనపడుతున్నాయి అంటే ఎవరూ ఇవ్వక్కర్లేదు.

రెండోది గ్రౌండ్. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో స్కూలుకి ఆటస్థలం ఉండాలని స్పష్టంగా రాసి ఉంది. ఇప్పుడున్న కాస్త జాగాలో వెనక బ్లాక్ వస్తుంది, ఇక గ్రౌండ్ అంటే గేటు ముందు వ్యాన్లు ఆగే చోటే. ఇన్నాళ్లూ పీటీ పీరియడ్‌కి పిల్లల్ని కాలనీ పార్కుకి తీసుకొచ్చేవాళ్లు. పోయిన నెల మనవాళ్లు పార్కు గేటుకి పగలంతా తాళం వేయడం మొదలుపెట్టారు. నాకు ఇది అస్సలు నచ్చలేదు. స్కూలు యాజమాన్యం మీద కోపం ఉంటే యాజమాన్యంతో తేల్చుకోవాలి. ఎండలో రోడ్డు మీద లైన్‌లో నిలబడి చేతులు పైకీ కిందకీ ఊపుతున్న నాలుగో తరగతి పిల్లలు ఏ ప్లాన్ మీదా సంతకం పెట్టలేదు. పైగా వాళ్లలో మన అపార్ట్‌మెంట్ పిల్లలూ ఉన్నారు.

అదే ఇంకో తమాషా. గేటు దగ్గర కరస్పాండెంట్ గారు కనపడితే, ఇన్ని క్లాసులు ఎందుకు సార్ అని అడిగాను. ఆయన నవ్వి, "మేడమ్, మీ బ్లాక్ నుంచే నలుగురు సీటు కోసం తిరుగుతున్నారు, పేర్లు చెప్పమంటారా" అన్నారు. వద్దన్నాను. మన బిల్డర్ బ్రోషర్‌లో వేసిన మొదటి లైనే "స్కూలుకి నడిచి వెళ్లేంత దూరం". దానికి కూడా కలిపే కదా చదరపు అడుగు రేటు కట్టాం. మెయిన్ రోడ్డు అవతల జిల్లా పరిషత్ హైస్కూల్ ఉంది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం కూడా మొదలైంది. మన గ్రూపులో ఒక్కరి నోట కూడా ఆ బడి పేరు రాదు. చుట్టూ టవర్ మీద టవర్ లేస్తుంటే పిల్లలు ఎక్కడో ఒకచోట చదవాలి కదా. ఇక్కడ సీట్లు పెరగకపోతే వాళ్లని బాచుపల్లి దాటించి గంటసేపు బస్సులో కూర్చోబెడతాం, ఆ బస్సులూ ఇదే రోడ్డు మీదకే వస్తాయి.

అందుకే నేను "విస్తరణ ఆపండి" అని సంతకం పెట్టలేదు. వేరే కాగితం రాశాను, రెండు పేజీలు. ముందు సమాచార హక్కు కింద మున్సిపల్ ఆఫీసులో పది రూపాయల ఫీజుతో ఒక దరఖాస్తు: ఇప్పుడున్న బిల్డింగ్‌కి, కొత్త ఫ్లోర్లకి మంజూరైన ప్లాన్ కాపీ కావాలి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. 2012 నాటి జీవో 168లో ఎత్తు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, అన్నీ రోడ్డు వెడల్పుకీ ప్లాటు సైజుకీ ముడిపెట్టి ఉంటాయి కాబట్టి ప్లాన్ చేతికొస్తే ఎక్కడ తేడా ఉందో టేపు పట్టుకుని చూసుకోవచ్చు. అది రాకముందే సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి ఇరవై మంది వెళ్లి అరవడం వల్ల ఫొటో దిగడం తప్ప ఏమీ కాదు.

ఇక స్కూలుని అడగాల్సినవి వేరు. వెనక బ్లాక్ ఎలాగూ వెనక రోడ్డుకి ఆనుకునే వస్తుంది, అటు ఒక గేటు తెరిచి వ్యాన్లన్నీ అటే పంపాలి. ప్రైమరీకి, హైస్కూల్‌కి బెల్ నలభై నిమిషాల తేడాతో కొట్టాలి. రెండో మెట్ల వరస కట్టకుండా పైన ఒక్క క్లాసు కూడా పెట్టకూడదు, దీని మీద మాత్రం బేరం లేదు. కొత్త బోరు వేస్తే వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) పర్మిషన్ చూపించాలి, ఏప్రిల్ వచ్చేసరికి ఇక్కడ ఎవరి బోరు ఎవరి నీళ్లు లాగుతుందో తెలియదు. మన వైపు నుంచి మనం ఇవ్వాల్సింది కూడా ఉంది: ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిది దాకా రోడ్డు మీద కార్లు తీసి సెల్లార్‌లో పెట్టుకోవడం, పార్కు తాళం తీయడం. ఈ మాట గ్రూపులో పెట్టగానే ఇద్దరు లెఫ్ట్ అయ్యారు. సెల్లార్‌లో వాళ్ల పార్కింగ్‌లో పాత సోఫాలున్నాయి.

కాగితం ప్రెసిడెంట్ గారికి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు, మెట్ల పాయింటు దగ్గర ఆగి "ఇది బాగుంది అమ్మా, మాకు తట్టలేదు" అన్నారు. చివరికి వచ్చాక మళ్లీ మొదటి పేజీ తిప్పి, "మరి ఫ్లాట్ రేట్లు పడిపోతాయన్నది తీసేశావేంటి?" అని అడిగారు. తీసేశాను అంకుల్ అన్నాను. ఆదివారం మీటింగ్‌లో రెండు కాగితాలూ పెట్టి చేతులెత్తిస్తారట, ఏదో ఒకటే పంపుతారు. రావాలనుకున్నవాళ్లు పదకొండింటికి టెర్రస్ మీదకి రండి, పెంట్‌హౌస్ వాళ్ల వరండాలోనే కుర్చీలు వేస్తున్నారు.